మ్యూజియం నుంచి రెండోసారి రిటైరైనవాళ్లు

మ్యూజియంలో జీతం లేకుండా పనిచేసే పెద్దవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి రిటైరైనవాళ్లే. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాళ్లు, రైల్వేలో చేసినవాళ్లు. తిరుపతిలాంటి ఊళ్లో ఇలాంటివాళ్లకు కొదవ లేదు. మొదటి రిటైర్మెంటుకు ఒక తేదీ ఉంటుంది, ఆర్డరు ఉంటుంది, సర్వీస్ రిజిస్టరు మూసి సంతకం పెట్టే తంతు ఉంటుంది. ఆఖరి రోజు దండలు, టిఫిన్లు, గ్రూప్ ఫొటో సరేసరి. ఆ తర్వాత కూడా పెన్షన్ ఆఫీసు మనిషిని వదలదు, ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడుగుతుంది. పెద్దాయన ఉన్నాడా లేడా అని ఏడాదికి ఒక్కసారైనా కనుక్కునే ఏర్పాటు అది. అదే మనిషి మ్యూజియంలో పదీ పదిహేనేళ్లు పిల్లలకు శిల్పాలు చూపించి, కథలు చెప్పి, ఇక చాలనుకున్నప్పుడు ఇవేవీ ఉండవు. ఒక ఆదివారం రాడు. తర్వాతి ఆదివారమూ రాడు. డ్యూటీ చార్టులో ఆ పేరున్న చోట ఇంకొకరి పేరు పడుతుంది.

దీన్ని నిర్లక్ష్యం అనేసి ఊరుకోవచ్చు. కానీ చిక్కు అక్కడ లేదు. ఆఫీసు అనేది కాగితం మీద నడుస్తుంది. ఉద్యోగి సెలవు పెడితే ఒక కాగితం, బదిలీ అయితే ఒక కాగితం. వాలంటీరు వచ్చినప్పుడు పెద్దగా కాగితం పుట్టదు, వెళ్లేటప్పుడు అసలే పుట్టదు. (2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్ల సంగతి కాదు, మ్యూజియంలో ఇష్టపడి వచ్చి పనిచేసేవాళ్ల సంగతి.) దానికి తోడు ప్రభుత్వ మ్యూజియంలో అధికారులు బదిలీ మీద వస్తుంటారు, పోతుంటారు. కొత్తగా వచ్చిన అధికారికి పాత వాలంటీరు ఎవరో తెలియదు. ఆయన ఏ బస్సుకు వచ్చేవాడో, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని క్యారియర్ విప్పేవాడో గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుకే బాగా తెలుసు. అంటే సంబంధం మనుషుల మధ్యే ఉంది, సంస్థలోకి ఎక్కలేదు. ఆ మనుషులు మారగానే అది తెగిపోతుంది.

తిరుపతిలో ఈ మాట మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. స్వచ్ఛంద సేవ అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. 2000లో మొదలైన శ్రీవారి సేవ వల్ల నారింజ రంగు కండువా వేసుకున్న మనుషులు కొండ మీద క్యూల దగ్గర, అన్నప్రసాదం దగ్గర ఎప్పుడు చూసినా కనిపిస్తారు. ఆ సేవకు తిరిగి ఏం దక్కుతుందో చేసేవాడికి తెలుసు, చూసేవాడికీ తెలుసు. దాన్ని పుణ్యమంటారు, అదృష్టమంటారు, ఇంట్లోవాళ్లు కూడా గొప్పగా చెప్పుకుంటారు. కొండ కింద చంద్రగిరి కోట రాజమహల్‌లో భారత పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. అలిపిరి దారిలో 1993 నుంచి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. కొండ మీద శ్రీ వేంకటేశ్వర మ్యూజియం ఉంది. ఇలాంటి చోటికి ఒక రిటైర్డ్ మాస్టారు వారం వారం వెళ్లి పిల్లలకు ఏదో చెప్పి వస్తుంటే, 'ఇంట్లో పొద్దుపోక పోతున్నాడులే' అనేవాళ్లే ఎక్కువ. బయట గుర్తింపు లేని పని కాబట్టే లోపలి గుర్తింపు ఎక్కువ అవసరమవుతుంది.

ఇక మానేయడం గురించి. వాలంటీర్లు మానేసే దారులు ప్రధానంగా నాలుగు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం.

అన్నిటికన్నా మామూలుది మోకాళ్లు. రాజమహల్ మూడంతస్తుల కట్టడం. కింద నుంచి దర్బారు హాలు దాకా పిల్లల గుంపుతో ఎక్కి దిగడం డెబ్బై దాటినవాళ్లకు మాటలు కాదు. ఇక్కడ మనిషికి ఇష్టం తగ్గలేదు, చెప్పే ఓపిక తగ్గలేదు, మెట్లు ఒక్కటే అడ్డం. అయినా ఆయన 'మెట్లెక్కలేను' అని చెప్పడు. చెబితే జాలిపడతారని మొహమాటం. 'ఇంట్లో పనులున్నాయి' అంటాడు, అవతలివాళ్లు నమ్మేస్తారు. నిజానికి ఈ మనిషిని కింద చెట్టు నీడలో ఒక కుర్చీ వేసి కూర్చోబెడితే ఇంకో ఐదేళ్లు వస్తాడు. బస్సు దిగిన పిల్లలు లోపలికి వెళ్లే ముందు ఆయన దగ్గర పది నిమిషాలు ఆగుతారు. రిటైరయ్యాడని మనం అనుకున్నవాళ్లలో కొందరు రిటైర్ కాలేదన్నమాట, వాళ్లకు తగ్గట్టు పని మారలేదంతే.

రెండో దారి పిల్లల దగ్గరికి వెళ్లిపోవడం. చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో కొడుకో కూతురో బెంగళూరులోనో చెన్నైలోనో ఉండటం సర్వసాధారణం, అమెరికాలో ఉన్నా వింత లేదు. మనవడు పుట్టాడని వెళ్లినవాళ్లు ఆర్నెల్లకోసారి వచ్చి పోతుంటారు. వీళ్లు ఊరికి దూరమయ్యారు గానీ పనికి దూరం కానక్కర్లేదు. మూడో దారి ఇంట్లో జబ్బు, లేదా తోడు పోవడం. ఇక్కడ పని గురించి మాటే ఎత్తకుండా కొన్నాళ్లు పలకరింపు ఒక్కటే చాలు. నాలుగోది మనసు విరిగి మానేయడం, లేదా సంస్థే 'ఇక మీరు అక్కర్లేదు' అనడం. ఇది అన్నిటికన్నా కష్టమైంది, అందరూ దాటేసేదీ ఇదే.

దీనికి ప్రపంచమంతా మాట్లాడుకున్న ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో మ్యూజియం వస్తువుల గురించి సందర్శకులకు చెప్పే శిక్షణ పొందిన వాలంటీర్లను డోసెంట్లు అంటారు. షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ ఏర్పాటు 1961 నుంచి ఉండేది. అక్కడ డోసెంట్ కావాలంటే ఏడాదిన్నర పాటు శిక్షణ తీసుకోవాలి. 2021 సెప్టెంబరులో మ్యూజియం వాళ్లందరికీ ఉత్తరం పంపింది: ఈ పద్ధతి ఆపేస్తున్నాం, జీతం ఇచ్చి విద్యాసిబ్బందిని పెట్టుకుంటాం, ఇన్నాళ్ల సేవకు కృతజ్ఞతగా రెండేళ్ల ఉచిత సభ్యత్వం ఇస్తాం అని. అప్పటికి అక్కడ ఎనభైకి పైగా డోసెంట్లు పనిచేస్తున్నారు. ఎక్కువమంది వయసు పైబడిన, కాస్త కలిగిన కుటుంబాల తెల్లజాతి మహిళలు. జీతం లేని పనికి తీరిక ఉన్నవాళ్లే రాగలరు, అందువల్ల ఊళ్లోని మిగతావాళ్లకు చోటు దొరకడం లేదన్నది మ్యూజియం వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఏళ్ల తరబడి చేసినవాళ్లకు ఉన్నపళంగా ఒక ఉత్తరం, రెండేళ్ల పాసు! దేశమంతా పత్రికల్లో రచ్చయింది. విధానం మార్చుకునే హక్కు సంస్థకు ఉంటుంది. అయితే ఆ మార్పు గురించి ముందుగా వాళ్లతో కూర్చుని మాట్లాడి ఉంటే, కొత్త సిబ్బందికి వాళ్ల చేతనే పని అప్పగింత చేయించి ఉంటే, కోపం ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

మన దగ్గర గుర్తింపు అనగానే అందరికీ తట్టేది సన్మానం. శాలువా, జ్ఞాపిక, పూలదండ, వేదిక మీద ఎనిమిది మంది. అందులో ఏడుగురు మాట్లాడతారు, సన్మానం అందుకున్నాయనకు చివర్లో రెండు నిమిషాలు. రిటైర్డ్ మాస్టారి ఇంట్లో బీరువా తెరిస్తే ఇలాంటి శాలువాలు దొంతరగా పేర్చి ఉంటాయి, కవరు కూడా విప్పనివి కొన్ని. సన్మానం వద్దనడం లేదు. ఊళ్లో నలుగురి ముందు పేరు చదివితే ఏ మనిషికైనా సంతోషమే. ఆరోజు మనవరాలు వచ్చి ఫొటో తీసుకుంటుంది. ఇబ్బందల్లా ఏమిటంటే, సన్మానం చేశాక సంస్థకు తన బాధ్యత తీరిపోయినట్టు అనిపిస్తుంది. పైగా జ్ఞాపిక మీద 'విశేష సేవలందించిన' అని రాసే మాట ఎవరికైనా సరిపోతుంది. 'ఈయన ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ప్రతి ఆదివారం వచ్చారు, తమిళనాడు నుంచి వచ్చే బడి పిల్లలకు తమిళంలో చెప్పింది ఈయనొక్కరే' అని ఒక పేజీ రాసి చదివితే అది ఆయన ఒక్కడిదే అవుతుంది. అలా రాయాలంటే రికార్డు ఉండాలి. ఎవరు ఎప్పుడు చేరారు, ఏం చేశారు, దేనిలో దిట్ట అన్నది ఒక రిజిస్టరులో రాసి పెట్టుకోవడం అందుకే శాలువా కన్నా ముందు జరగాల్సిన పని.

టికెట్ కౌంటర్ సంగతి చిన్నదే గానీ చెప్పి తీరాలి. పదేళ్లు పనిచేసిన చోటికి మనవడిని తీసుకొచ్చిన పెద్దావిడను కౌంటర్లో కుర్రాడు 'ఎన్ని టికెట్లమ్మా?' అని అడుగుతాడు. అతని తప్పేం లేదు, అతనికి ఆమె ఎవరో తెలియదు. ఆమె డబ్బు తీసి ఇస్తుంది. టికెట్ ధర ఆమెకు లెక్క కాదు. కానీ ఆరోజు లోపల తిరిగినంతసేపూ ఆమెకు అది గుచ్చుకుంటూనే ఉంటుంది. పాత వాలంటీరుకు, తోడుగా వచ్చిన ఒకరికి జీవితాంతం ప్రవేశం అని ఒక కార్డు ఇస్తే ఇది తీరిపోతుంది. తోడు మాట ఎందుకంటే, ఆ వయసులో ఒంటరిగా వచ్చేవాళ్లు తక్కువ. ప్రభుత్వ మ్యూజియంలో ఇలాంటి పాసు ఇచ్చే అధికారం అక్కడి అధికారికి నేరుగా ఉండకపోవచ్చు, పైనుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. నోటిమాటగా 'మీరు ఎప్పుడైనా రండి మేడమ్' అంటే ఆ అధికారి బదిలీ అయిన రోజే ఆ మాట కూడా బదిలీ అవుతుంది.

కార్డు, శాలువా, పేరు రాసిన పేజీ అన్నీ ఇచ్చినా సంబంధం నిలుస్తుందన్న భరోసా లేదు. నాకు కనిపించినంతలో పాత వాలంటీరును సంస్థతో కట్టి ఉంచేది ఒకటే: అప్పుడప్పుడు ఆయన్ను ఏదో ఒకటి అడగడం. మర్యాదకు కాదు, నిజంగా తెలియక అడగడం.

ఒక వస్తువు గురించి బోర్డు మీద రాసి ఉండేది వేరు, దాన్ని పిల్లలకు చూపించడం వేరు. రాజమహల్‌నే తీసుకోండి. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన భవనం, చెక్క వాడలేదు అని పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది. అది చదివి వినిపిస్తే ఐదో తరగతి పిల్లవాడికి పట్టదు. తెలిసిన మనిషి అయితే ఆ వాక్యం చెప్పడు. 'మీ ఇంట్లో మిద్దెకు దూలాలు ఉంటాయి కదా, ఇక్కడ చెక్క దూలం ఎక్కడుందో కనిపెట్టినవాడికి నా పెన్ను ఇస్తా' అంటాడు. నలభై మంది పిల్లలు తలలు పైకెత్తి గది గదీ తిరుగుతారు. ఒకడు తలుపు చూపిస్తాడు, ఇంకొకడు కిటికీ అంటాడు. దూలం మాత్రం దొరకదు. అప్పుడు ఆయన వాళ్లను ఒక కమాను కింద నిలబెట్టి, బరువు పక్కలకు ఎలా దిగుతుందో చేతులు వంచి చూపిస్తాడు. పెన్ను జేబులోనే ఉంటుంది. ఈ ఉపాయం ఏ రికార్డులోనూ ఉండదు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసి 'సార్, పిల్లలు రెండో గదికే అల్లరి మొదలుపెడుతున్నారు, మీరేం చేసేవాళ్లు?' అని అడిగితేనే బయటపడుతుంది. ఆ ఒక్క ఫోన్ ఆయనకు నాలుగు సన్మానాల పెట్టు.

కాళ్లు కదలనివాళ్లకూ, ఊరు మారినవాళ్లకూ ఇలా కూర్చున్న చోటి నుంచే చేసే పనులు చాలా ఉన్నాయి. చిత్తూరు వైపు పెద్దవాళ్లలో తెలుగూ తమిళమూ రెండూ వచ్చినవాళ్లు ఎందరో. కొత్త బోర్డు రాసేటప్పుడు తమిళ వాక్యం సరిగ్గా ఉందో లేదో ఫొటో పంపి అడగవచ్చు. పాత ఫొటోలో ఉన్నవాళ్లు ఎవరో, అది ఏ ఏడాదిదో అడగవచ్చు. పిల్లలు రాసిన ప్రశ్నలకు జవాబులు చెప్పించి ఆడియో తెప్పించుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు జరగాల్సింది రికార్డింగ్. తాళ్లపాక కవుల సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలోని సంకీర్తన భండారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. 1920ల్లో బయటికి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి లోకానికి ఇచ్చారు. రేకుల మీద మాట మిగిలింది, రాగం పేరూ మిగిలింది. ఆనాడు దాన్ని పాడిన తీరు మాత్రం రేకు మీద లేదు. మ్యూజియంలో చెప్పే మనిషి విషయంలోనూ పోయేది ఆ తీరే. ఇప్పుడు దాన్ని పట్టుకోవడానికి మంచి ఫోన్ ఒకటి చాలు. హాల్లో కూర్చోబెట్టి 'మీ అనుభవాలు చెప్పండి' అంటే మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేరు, ఉపన్యాసం మొదలవుతుంది. వస్తువు ముందు నిలబెట్టి, లేదా దాని ఫొటో చేతికిచ్చి, 'ఇక్కడ పిల్లలు ఏం అడుగుతారు? ఎక్కడ నవ్వుతారు? ఎవరైనా మిమ్మల్ని ఇరుకున పెట్టారా?' అని అడగాలి. అరగంటకు మించి కూర్చోబెట్టకూడదు. అనుమతి కాగితం మీద సంతకం, ఆ రికార్డింగ్ ఎక్కడ వాడతారో ముందే చెప్పడం తప్పనిసరి.

పాతవాళ్లను దగ్గర ఉంచుకోవడంలో గొడవలూ ఉంటాయి. అవి లేనట్టు నటించడం మంచిది కాదు. ఉదాహరణకు, మద్రాసు స్థలం 1639లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. ఆ పట్టా చంద్రగిరి రాజమహల్‌లోనే రాసిచ్చారని ఇక్కడ బాగా వాడుకలో ఉన్న మాట. స్థలం ఇచ్చింది చంద్రగిరి రాజు కింద ఉన్న దామర్ల నాయకుడు. ఆ కాగితం ఏ గదిలో ఎవరి చేతుల మీదుగా నడిచిందన్న దగ్గర చరిత్ర చదివినవాళ్లు ఆచితూచి మాట్లాడతారు. పాత వాలంటీరు 'ఇదిగో, ఇక్కడే కూర్చుని సంతకం పెట్టాడు' అని వేలు పెట్టి చూపిస్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. కొత్త గైడు 'అని చెబుతారు' అని చేర్చగానే ఆ పెద్దాయన వెనక నుంచి అందుకుంటాడు. అందరి ముందూ కుర్రవాడి పరువు పోతుంది. అమెరికా మ్యూజియాల్లో దీర్ఘకాలం పనిచేసిన డోసెంట్లకు 'ఎమెరిటస్' అనే గౌరవ హోదా ఇచ్చే పద్ధతి ఉంది. మర్యాద నిలుస్తుంది, రోజువారీ డ్యూటీ ఉండదు. మన దగ్గర హోదా పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. పర్యటన నడిచేటప్పుడు మాట కొత్తవాళ్లదే, పాతవాళ్ల సలహా తర్వాత టీ దగ్గర అన్న సంగతి మొదటి రోజే నవ్వుతూ చెప్పేయాలి. మొహమాటపడి చెప్పకపోతే, ఆర్నెల్ల తర్వాత ఆయన్ను పిలవడమే మానేస్తారు. అది ఇంకా అన్యాయం.

ఫోన్ల విషయానికొద్దాం. డ్యూటీల కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులోంచి మానేసినవాళ్లను తీసేయడం సహజంగానే జరుగుతుంది. తీసేసినట్టు గ్రూపులో ఒక లైను పడుతుంది, అవతలి మనిషి దాన్ని చూస్తాడు. తీసే ముందు ఒక ఫోన్ చేసి, పాతవాళ్ల గ్రూపు వేరే ఉందని చెప్పి అందులో చేర్చడం రెండు నిమిషాల పని. ఆ రెండో గ్రూపు గుడ్ మార్నింగ్ పూలతో నిండిపోయే ప్రమాదం ఉంది, ఆపడం ఎవరి తరమూ కాదు. నెలకు ఒక్కటైనా మ్యూజియం సంగతి అందులో పడితే సరే: కొత్తగా పెట్టిన విగ్రహం, ఈ వారం వచ్చిన బడి, రంగులు వేసిన గది. ఎనభై దాటినవాళ్లలో చాలామంది ఆ గ్రూపు చూడరు. వాళ్లకు ఫోనే చేయాలి. 'ఏం మేడమ్, బాగుండారా? ఈ నడుమ కనపడ్లేదే' అని మన యాసలో అడిగితే, చెవి సరిగ్గా వినపడకపోయినా గొంతు పట్టేస్తారు. పని కోసం ఇచ్చిన నంబరును, అడ్రసును పని అయ్యాక కూడా ఉంచుకోవాలంటే వాళ్లను అడిగి ఉంచుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సారాంశం కూడా అదే. వద్దన్నవాళ్ల వివరాలు తీసేయాలి. వద్దనే హక్కు వాళ్లకుంది, కొందరికి నిజంగానే ఇక చాలనిపిస్తుంది.

ఏడాదికోసారి అందరినీ పిలవాలంటే ఎప్పుడు పిలవాలి? క్యాలెండర్ చూస్తే మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, డిసెంబరు 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం. రెండూ సరిగ్గా సరిపోయే రోజులే, తిరుపతిలో తప్ప! మే నెల ఎండలో డెబ్బై అయిదేళ్ల మనిషిని చంద్రగిరి కోట ఆవరణలోకి రమ్మనడం సన్మానం కాదు, శిక్ష. డిసెంబరు మొదటి వారం అంటే బంగాళాఖాతంలో ఏ వాయుగుండం ఉంటుందో తెలియదు. నన్నడిగితే ఫిబ్రవరి మేలు. చలి తగ్గి ఉంటుంది, ఎండ ముదరదు. రామానుజాచార్యులు 1130లో ఊరికి పునాది వేశారని చెప్పే ఫిబ్రవరి 24ను తిరుపతి పుట్టినరోజుగా చేయడం ఈమధ్య మొదలైంది, 28న జాతీయ సైన్స్ దినోత్సవం ఎలాగూ ఉంది. పిలుపులో ఆటో సంగతి కూడా రాయాలి. రానూపోనూ బండి పంపిస్తామంటే వచ్చేవాళ్లు వేరు, 'దయచేసి విచ్చేయగలరు' అంటే వచ్చేవాళ్లు వేరు.

ఇవన్నీ ఎవరు చేస్తారన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. కమిటీ వేస్తే ఎవరూ చేయరు. ఒక మనిషికి అప్పగించాలి, వారానికి ఒక గంట. ఆ మనిషి అధికారి కానక్కర్లేదు. ఇప్పుడు పనిచేస్తున్న వాలంటీర్లలో మాటకారి ఒకరైతే ఇంకా నయం. వారానికి ఇద్దరికి ఫోన్ చేస్తే ఏడాదిలో వంద పలకరింపులవుతాయి. ఏ చిన్న మ్యూజియానికీ అంతమంది పాత వాలంటీర్లు ఉండరు. మాట్లాడిన తేదీ, ఆరోగ్యం సంగతి, వాళ్లు అడిగినదేమైనా ఉంటే అది, రిజిస్టరులో ఒక లైను రాయాలి. కొత్త అధికారి చార్జ్ తీసుకునేటప్పుడు తాళాలతో పాటు ఆ రిజిస్టరు కూడా చేతికివ్వాలి.

పాత వాలంటీరు చావు కబురు ఆలస్యంగా తెలియడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఇబ్బందికరమైంది. పేపర్లో చూసి, అదీ నెల దాటాక తెలిస్తే, ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తారు? వారానికి ఇద్దరికి ఫోన్ చేసే మనిషి ఉంటే ఇంతదాకా రాదు. పెద్దకర్మ నాటికి మ్యూజియం తరఫున ఇద్దరు వెళ్లాలి. ఆయన అక్కడ ఏం చేసేవారో ఆయన పిల్లలకు చెప్పాలి, చాలాసార్లు వాళ్లకు ఆ సంగతి సరిగ్గా తెలియదు కూడా. ఆయన రికార్డింగ్ ఉంటే ఒక కాపీ ఇవ్వాలి. ఇంకొకటి అడగడానికి సంకోచించకూడదు: ఆయన రాసుకున్న నోట్‌బుక్కులు. చరిత్ర మాస్టార్లు, తెలుగు పండితులు శాసనాల నకళ్లు, ఊళ్ల పేర్లు, విన్న కథలు పాత డైరీల్లో రాసుకుంటారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవి పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన తూకానికి పోతాయి. కర్మ అయిన వారం అడిగితే బాగుండదు, ఆరు నెలలాగితే మిగలవు. నెలా రెండు నెలల మధ్య ఒకసారి వెళ్లి, 'అసలైనవి మీ దగ్గరే ఉంచుకోండి, మేం స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం' అంటే కాదనే కుటుంబాలు తక్కువ. తెచ్చిన వారంలోనే స్కాన్ చేసి, రశీదు మీద సంతకం తీసుకుని తిరిగి ఇచ్చేయాలి. ఫైలు మీద ఆయన పేరే ఉండాలి.